నగకు మన్నన – చేతికి నింద: ఇథియోపియా వెండిపని

ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా 1780వ సంవత్సరం నవంబరు మాసంలో వియన్నా నగరంలో కన్నుమూసినది. బ్రతికియుండగా ఆమె ఆఫ్రికా తీరాన్ని కంటితో చూచినది కాదు. అయినా ఆమె పోయిన పిమ్మట నూట ఏబది సంవత్సరాలకు పైగా ఇథియోపియా కొండసీమలలో ఆమె ముఖం ఎరుగని సంత లేదనవచ్చును. ఆ ముఖం ముద్రించిన వెండి నాణెం అంగడిలో సొమ్ము, పెట్టెలో నిధి, కంసాలి మూసలో కరిగిన తరువాత అదే మెడలోని సిలువ, చేతి కడియం, కాలి అందె.

పూర్వపు గ్రంథాలలో అబిసీనియా అనీ, అరబ్బు వర్తకుల వాడుకలో హబష్ అనీ పేరు పొందిన దేశమే నేటి ఇథియోపియా. హైదరాబాదులోని హబ్సిగూడ పేరులో నిలిచిన హబ్షీ శబ్దం ఆ దేశనామం నుండి పుట్టినదే. ఆ దేశపు పడమటి ప్రాంతాలలో ఏటి ఇసుక కడిగితే బంగారం దొరికేది. వెండి మాత్రం చాలవరకు సముద్రం దాటి రావలసిందే. ఆ వెండి 18వ శతాబ్ది చివరినుండి ప్రధానంగా వచ్చినది ఈ నాణెం రూపంలో. దీనికి తాలరు అని పేరు. బరువు సుమారు 28 గ్రాములు, అనగా రెండున్నర తులాలకు కొంచెం తక్కువ. అందులో ఆరింట ఐదు పాళ్ళు వెండి, ఒక పాలు రాగి. ఒకవైపు మేలిముసుగు వేసుకొన్న నిండైన రాణి రూపు. రెండవవైపు గండభేరుండాన్ని తలపించే రెండు తలల డేగ.

రాణి మరణించినా నాణెంపై సంవత్సరం మారలేదు. మారితే కొనేవారు లేరు. ఎర్రసముద్రపు రేవులలో కాఫీకి, ఏనుగుదంతానికి, పునుగుకు, చివరకు బానిసలకు కూడా వెలగా చెల్లిన ఈ నాణేన్ని అక్కడి ప్రజలు అక్షరాలు చదివి నమ్మలేదు. రాణి తలపైని ముత్యాలను, భుజంమీది పతకంలోని ముత్యాలను వ్రేలితో తడిమి లెక్కపెట్టి నమ్మినారు. లెక్క తప్పితే నాణెం చెల్లదు. అందుచేత 1780 అనే అంకెతోనే ఆ నాణెం వియన్నాలోను, తరువాతి కాలంలో రోములోను, లండనులోను ముద్రితమైనది. 1940, 1941 సంవత్సరాలలో బొంబాయి టంకశాలలో సైతం ఆ రాణిబొమ్మను ముద్రించి ఎర్రసముద్రం వైపు పంపినారు. చక్రవర్తి మెనెలిక్ 1894 ప్రాంతంలో తన ముఖంతో పారిసులో నాణేలు చేయించి తెప్పించినాడు. ప్రజలు తమ చక్రవర్తిని గౌరవించినారు. నాణెం విషయంలో మాత్రం చనిపోయిన పరదేశపు రాణినే నమ్మినారు.

కంసాలికి ఈ నాణెం మూడు విధాల ఉపకరించినది. మొదటిది, అది అతని ముడిసరుకు. రెండవది, అది అతని తూనికరాయి. బంగారాన్ని తూచే ‘వొకెట్’ అనే దేశీయమానం ఒక తాలరు బరువే. మూడవది, నమ్మకం. నగ చేయించుకొనేవారు ఎన్ని నాణేలు ఇచ్చినారో అంత తూకపు నగ తిరిగి రావాలి. నాణెంలోని వెండిపాలు లోకానికి తెలిసినదే కనుక తగవుకు తావు తక్కువ. అందులోని ఆరవపాలు రాగి మరొక మేలు చేసినది. శుద్ధమైన వెండి మెత్తన. నిత్యం ఒంటిమీద ఉండే నగకు అది తాళదు. మరియా థెరీసా వెండిలోని గట్టిదనం నగకు సరిగా అమరినది. తెలుగునాట కాసులపేరు ధరించిన స్త్రీ నాణేన్ని నాణెంగానే మెడలో వేసుకొన్నది. ఇథియోపియాలోనూ తాలరుకు కొక్కెం తగిలించి పూసలమధ్య గ్రుచ్చుకొన్నవారున్నారు. అయితే ఎక్కువమంది కోరినది మూసలో కరిగించడాన్నే. ఎందుకంటే వారికి కావలసినది సిలువ.

లోహం బయటనుండి రావడం, రూపం లోపలనుండి పుట్టడం ఆ దేశానికి కొత్త కాదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దిలో ఒక గ్రీకు వర్తకుడు ఎర్రసముద్రపు వ్యాపారాన్ని గూర్చి వ్రాసిన ‘పెరిప్లస్’ అనే గ్రంథంలో అడూలిస్ రేవు ప్రసక్తి కలదు. ఆ రేవునుండి లోపలికి కొన్నిదినాలు ప్రయాణిస్తే ఆక్సుం నగరం. అడూలిస్‌కు దిగుమతి అయిన సరుకులలో ఇత్తడి ఉన్నది. దానితో అక్కడివారు ఆభరణాలు చేసుకొనేవారనీ, ముక్కలుగా నరికి నాణేలకు బదులు వాడేవారనీ అతడు వ్రాసినాడు. మెత్తని రాగిరేకులను స్త్రీల కడియాలకు, అందెలకు కోసుకొనేవారట. రాజుకోసం ఆ దేశపు తీరులోనే చేసిన వెండి, బంగారు పాత్రలను విదేశాలనుండి తెచ్చేవారట. పరదేశపు పనివాడు సైతం ఆ దేశపు తీరును నేర్చుకొని చేస్తేనే రాజు స్వీకరించేవాడన్నమాట. రెండువేల సంవత్సరాలనాటి మాట ఇది. ఆ జాబితాలోనే భారతదేశపు ఇనుము, ఉక్కు, నూలుబట్టలు కూడా ఉండడం గమనింపదగినది.

బంగారం వచ్చిన తీరు మరీ విచిత్రమైనది. 6వ శతాబ్దిలో కాస్మాస్ అనే అలెగ్జాండ్రియా వర్తకుడు దానిని వర్ణించినాడు. ఆక్సుం రాజు ఏడాది విడిచి ఏడాది తన మనుష్యులను దూరాన ఉన్న బంగారు సీమకు పంపేవాడు. వారివెంట ఎద్దులు, ఉప్పు, ఇనుము. అచ్చటికి చేరి ముండ్లకంప కొట్టి కంచె వేసి, ఎద్దులను కోసి, ఆ మాంసాన్నీ, ఉప్పునూ, ఇనుమునూ కంచెమీద పెట్టి వెనుకకు తగ్గేవారు. ఆ ప్రాంతీయులు వచ్చి తమకు నచ్చిన వస్తువుమీద గింజలవంటి బంగారు తునకలు ఉంచి తొలగిపోయేవారు. వస్తువు యజమాని వచ్చి చూచి, చాలుననుకొంటే బంగారం తీసుకొనేవాడు. చాలదనుకొంటే తాకకుండా విడిచేవాడు. ఇంకొంత బంగారమైనా చేరాలి, లేదా బంగారం వెనుకకైనా పోవాలి. ఒకరి భాష ఒకరికి తెలియదు. ఒక్క మాట పెగలదు. బేరం మాత్రం నడచినది.

ఆ బంగారంతోనే ఆక్సుం రాజులు 3వ శతాబ్ది చివరిభాగాన, ఎండూబిస్ అనే రాజు కాలంనుండి, సొంత నాణేలు ముద్రించినారు. వారి పనివాండ్ల నైపుణ్యం ఆ నాణేలలో కనబడుతుంది. వెండి, కంచు నాణేలపై రాజు శిరస్సు చుట్టూ అతి సన్నని బంగారు తాపడం చేసినారు. రోజూ చేతులు మారే చిల్లర నాణెంమీద ఇంత నగిషీ చేయవలసిన అవసరమేమిటో చెప్పడం కష్టం. 4వ శతాబ్దిలో ఎజానా రాజు క్రైస్తవం స్వీకరించినాడు. అంతవరకు నాణెం పైభాగాన ఉన్న నెలవంక, బింబం తొలగి ఆ స్థానంలో సిలువ వచ్చినది. లోకంలో సిలువ గుర్తుతో వెలువడిన మొట్టమొదటి నాణేలలో ఇవి చేరుతాయి. తరువాతి కాలపు ఇథియోపియా వెండిపనికంతటికీ ఈ చిన్న సిలువ మొదటి అచ్చు అనుకోవచ్చును.

నాణేల ప్రయాణం ఒకవైపే సాగలేదు. ఆక్సుం బంగారు నాణేలు మంగుళూరు ప్రాంతంలో బయటపడినవి. ఇటు కుషాను చక్రవర్తుల బంగారు నాణేలు నూటికి పైగా ఇథియోపియాలోని దెబ్రె దామో మఠంలో 1940లో దొరికినవి. ఆ మఠం నిట్టనిలువు కొండపై ఉన్నది. పైకి పోవడానికి మెట్లు లేవు. తోలుత్రాడు పట్టుకొని ఎగబ్రాకాలి. అంత ఎత్తుకు ఆ నాణేలను ఎవరు చేర్చినారో గాని, కరిగించి నగ చేయకుండా దాచినందుకు చరిత్రకారులు వారికి ఋణపడి ఉన్నారు.

ఇథియోపియా క్రైస్తవ కుటుంబంలో మగశిశువుకు నలుబదవనాడు, ఆడశిశువుకు ఎనుబదవనాడు జ్ఞానస్నానం జరుగుతుంది. ఆనాడు మెడలో ‘మాతెబ్’ అనే దారం కడతారు. అది సామాన్యంగా నీలం రంగుదో నల్లదో అయిన నూలుదారం. క్రైస్తవుడు అనడానికి ఆ దారమే గుర్తు. సిలువను ఆ దారానికే గ్రుచ్చుతారు. బీదవానికి కొయ్యసిలువ, కలిగినవానికి వెండిసిలువ. దారం మాత్రం ఇద్దరికీ ఒకటే. మతగురువు చేతిలో పట్టుకొనే సిలువ వేరు. భక్తులు దానిని ముద్దిడుతారు. ఊరేగింపులో పొడుగాటి కర్రకు తగిలించి మోసే పెద్ద సిలువ వేరు. జనవరిలో తింకత్ పండుగకు, సెప్టెంబరు చివర మెస్కెల్ పండుగకు ఆ పెద్ద సిలువలు పట్టుగొడుగుల నీడలో బయటికి వస్తాయి.

ఆ సిలువల తీరు రోమునగరపు సిలువను పోలదు. గ్రీకుల సిలువనూ పోలదు. నాలుగు కొమ్మలు ఉన్నాయన్న మాటే గాని, ఒక్కొక్క కొమ్మ చిగిర్చి, పూచి, మరల చిన్న సిలువలుగా చీలిపోతుంది. నడుమ అల్లిక ఉంటుంది. చాపలోని దబ్బలవలె ఒకదానిక్రింద ఒకటి దూరిపోయే గీతలు. ఆ గీతను వ్రేలితో పట్టుకొని పోతే మొదలు దొరకదు, కొస దొరకదు. అంతం లేని జీవితానికి అది సంకేతమని అక్కడి పెద్దలు చెబుతారు. లాలిబెలా సిలువ, గోండార్ సిలువ, ఆక్సుం సిలువ అని ఊళ్ళ పేర్లతో తీరులను వ్యవహరించడం కలదు. ఇది కొంతవరకు అంగడివారి సౌకర్యం. ఒక ఊరి తీరు మరొక ఊరి కొలిమిలో తయారుకావడం ఎప్పుడూ ఉన్నదే.

తయారీలో రెండు మార్గాలు ముఖ్యమైనవి. మొదటిది, మన శిల్పశాస్త్రాలు మధూచ్ఛిష్ట విధానమని పిలిచిన మైనపు అచ్చు. ఇథియోపియా తేనెకు పెట్టినది పేరు. తేనెతో ‘తెజ్’ అనే పానీయం చేస్తారు, మైనం చర్చి దీపాలకు పోతుంది, మిగిలినది కంసాలికి. అతడు మైనంతో సిలువను మలచి, దానిపై మెత్తని మట్టి పలుచగా పూసి, ఆరిన తరువాత ముదుకమట్టి మందంగా మెత్తుతాడు. కాల్చినప్పుడు మైనం కరిగి కారిపోతుంది; లోపల సిలువ ఆకారంలో ఖాళీ మిగులుతుంది. మేకతోలు తిత్తులు ఊది కరిగించిన లోహాన్ని ఆ ఖాళీలో పోస్తాడు. చల్లారిన తరువాత మట్టిని పగులగొట్టి సిలువను వెలికి తీయాలి. పగిలిన అచ్చు మరల పనికిరాదు. కనుక ఆ మార్గంలో చేసిన ఏ రెండు సిలువలూ అచ్చంగా ఒకటి కావు. పెద్ద సిలువలు ఇట్లా పోతపోసినవే ఎక్కువ.

రెండవ మార్గం మెడసిలువలది. తాలరును కరిగించి కడ్డీ పోసి, దాగలిపై సాగగొట్టి రేకు చేసి, ఉలితో కోసి, ఆకురాయితో అంచులు నునుపు చేసి, సన్నని మొనతో గీతలు చెక్కుతారు. ఒక్కొక్కప్పుడు కరిగించే శ్రమ కూడా లేకుండా నాణేన్నే సిలువగా కోస్తారు. అటువంటి పాత సిలువలను వెలుతురులో త్రిప్పి చూస్తే రాణిగారి ముసుగు మడత ఒకచోట, డేగ ఈక ఒకచోట, లాటిను అక్షరం ఒకటి మరొకచోట కనబడతాయి.

సిలువతోపాటు అదే దారానికి మరొక చిన్న వెండి వస్తువు వ్రేలాడుతుంది. చూచేవారు దానిని మరొక సిలువ అనుకొంటారు. క్రిందికొస గరిటెవలె గుంటగా ఉంటుంది. అది చెవిలోని గులిమి తీసుకొనే పుల్ల! దాని పిడిపై చేసిన చెక్కడం సిలువపై చెక్కడానికి ఏమాత్రం తీసిపోదు. పనిముట్టు ఏదైనా చేతికి అందమే అలవాటైన పనివాడు చేస్తే ఇట్లే ఉంటుంది.

ఇథియోపియా అంతా సిలువల దేశమనుకోవడం పొరపాటు. తూర్పున ప్రాకారాలు గల హరార్ నగరం ముస్లిములది. 1887లో మెనెలిక్ దానిని జయించినాడు. అక్కడి స్త్రీల మెడలో సిలువ ఉండదు. వెండిగుళ్ళు, అంబరుపూసలు, తాయెత్తులు ఉంటాయి. దక్షిణాన బోరనా స్త్రీల తెల్లని లోహపు పూసలు చూచినవారు వెండి అనుకొంటారు. అవి పాత వంటగిన్నెలు కరిగించి చేసిన అల్యూమినియం పూసలు. ఓమో లోయలోని హామర్ తెగలో పెండ్లి అయిన స్త్రీ మెడలో ఇనుప కంటెలు ఉంటాయి. మొదటిభార్య అయితే ముందుకు కొమ్మువలె పొడుచుకొనివచ్చిన మరొక పట్టెడ ఉంటుంది. ఆమెను చూచి ఎవరూ ఆమె స్థానమేమిటని అడుగరు. బంగారం విషయంలో ఉత్తరాదిన రాజశాసనమే మెడకు, చేతికి హద్దు పెట్టినది. రాజకుటుంబానికీ, రాజు అనుమతించిన ప్రభువులకూ తప్ప తరతరాలుగా బంగారు నగ ధరించే స్వేచ్ఛ సామాన్యులకు లేదు. వెండి జనసామాన్యానికి అంత ప్రియం కావడానికి ఇదొక కారణం.

ఈ సిలువను, ఈ కడియాన్ని, ఈ తాయెత్తును చేసినవాడు ఎవడు?

ఇథియోపియా సంఘంలో గౌరవం నాగలికి, బల్లేనికి, మతగ్రంథానికి ఉన్నది. రైతు, సైనికుడు, మతగురువు – ఈ ముగ్గురూ మనుష్యులు. నిప్పుతో పనిచేసేవాడు, మట్టితో పనిచేసేవాడు అనుమానింపదగినవారు. కమ్మరికి ‘బుదా’ శక్తి ఉన్నదని నమ్మకం. బుదా అనగా చెడుచూపు. అతడు చూస్తే బిడ్డ చిక్కిపోతుంది, పాలు విరిగిపోతాయి. పగలు కొలిమిముందు కూర్చున్న మనిషి రాత్రి దుమ్ములగొండిగా మారి శ్మశానాలలో తిరుగుతాడు. ఇనుము పనివానికి ఉన్నంత నింద వెండిపనివానికి లేదుగాని, కొలిమి ఉన్నచోట ఆ నీడ పడకపోలేదు.

19వ శతాబ్ది ఆరంభంలో నథానియేల్ పియర్స్ అనే ఇంగ్లీషు నావికుడు ఆ దేశంలో ఏండ్ల తరబడి నివసించినాడు. ఉచ్చులలో చిక్కిన దుమ్ములగొండ్ల చెవులకు కమ్మరివాండ్లు ధరించే రకపు బంగారు పోగులు ఉండగా తాను చూచినానని అతడు వ్రాసినాడు. ఊరివారికి అంతకంటె సాక్ష్యం ఏమి కావలె? మృగం చెవికి పోగు ఎవరు తొడిగినారో తెలియదు. కమ్మరులను చూచి నవ్వుకోవడానికి ఎవరో అల్లరివాండ్లు చేసినారా, తమను చూచి ఊరు భయపడితే తమకు క్షేమమని కమ్మరులే కూనలకు తొడిగినారా, లేక వినిపించిన కథే చూచినట్లు మారినదా – ఏదైనా కావచ్చును. గమనింపవలసినది వేరు. ఊరి స్త్రీ చెవికి ఆ పోగు అలంకారం. చేసినవాని చెవికి అది నేరానికి రుజువు.

ఇంకొక విడ్డూరం కలదు. చెడుచూపు తగలకుండా ఇథియోపియావారు తోలుచుట్టలు ధరిస్తారు. ‘దెబ్తెరా’ అనే చదువుకొన్న గాయకుడు సన్నని తోలుపట్టీమీద గీజ్ భాషలో ప్రార్థనలు, కన్నులు విప్పార్చిన దేవదూతల బొమ్మలు వ్రాసి ఇస్తాడు. ఆ పట్టీ పొడవు ధరించేవాని నిలువెత్తు. నఖశిఖపర్యంతం రక్ష అన్నమాట. ఆ ప్రార్థనలలో దయ్యాల పేర్లతోపాటు బుదా పేరు ఉంటుంది. కమ్మరుల ప్రసక్తి ఉంటుంది. ఆ చుట్టపక్కనే, అదే మెడలో, అదే దారానికి వెండిసిలువ. కంసాలి చూపునుండి కాపాడుమని కంసాలి చేసిన సిలువను పట్టుకొని ప్రార్థించినారు.

గోండార్ ప్రాంతంలో ఈ పనులు చేసినవారిలో ముఖ్యులు యూదుమతస్థులైన బేత ఇస్రాయేలువారు. ఇతరులు వారిని ‘ఫలాషా’ అన్నారు. అది గౌరవవాచకం కాదు, నేల లేనివాడు, పరాయివాడు అని దాని భావం. 15వ శతాబ్దిలో యేషాక్ చక్రవర్తి క్రైస్తవం పుచ్చుకొన్నవానికే తండ్రి భూమిపై హక్కు అని శాసించినాడని సంప్రదాయం చెబుతున్నది. నేల పోయినవానికి మిగిలినవి చేతులు. మగవారు కొలిమి పట్టినారు, మగ్గం పట్టినారు. ఆడవారు కుండలు చేసినారు. 1636లో ఫాసిలిదస్ చక్రవర్తి గోండార్‌ను రాజధానిగా నెలకొల్పినప్పుడు కోటలు కట్టడానికి వీరి చేతులే కావలసి వచ్చినవి. యేసును నమ్మనివాని కొలిమిలో యేసు సిలువకు రూపం రావడం చర్చికి అభ్యంతరం కాలేదు. నమ్మినవాని పంక్తిలో అతడు కూర్చోవడం మాత్రం అభ్యంతరమైనది. పనివారందరూ యూదులే అనుకోరాదు. ముస్లిం కంసాలులూ ఉన్నారు. ఆక్సుం, అద్వా ప్రాంతాలలో క్రైస్తవ కంసాలులూ ఉన్నారు. మెనెలిక్ కొలువులో ఆర్మీనియా దేశపు స్వర్ణకారులూ ఉన్నారు. వీరిలో పరదేశీయుడైన ఆర్మీనియావానికి దొరికిన మన్నన స్వదేశీయుడైన బేత ఇస్రాయేలు కంసాలికి దొరకలేదు.

1908లో మెనెలిక్ చక్రవర్తి ఒక శాసనం వెలువరించినాడు. కమ్మరిని, సాలెవానిని, కుమ్మరిని వారి పనిని బట్టి నిందించేవారు ఇక మానుకోవాలి. ఈ నిందలవల్ల దేశంలో నాగలికర్రు చేసేవాడు సైతం మిగలకుండా పోతాడు. ఇకమీదట వారిని తిట్టినవాడు తన్ను తిట్టినట్లే. అట్టివానికి ఒక సంవత్సరం కారాగారం. శాసనపు తాత్పర్యం ఇది. చక్రవర్తికి మనుష్యులపై జాలి కంటె నాగలికర్రుపై చింత ఎక్కువగా ఉన్నదేమో; ఉన్నా తప్పులేదు. పన్నెండు సంవత్సరాలకు ముందు, 1896లో, అద్వా యుద్ధంలో ఇటలీని ఓడించిన రాజు అతడు. దేశానికి చేతిపనివాడు ఎందుకు కావలెనో అంతకంటె బాగుగా ఎరిగినవాడు ఉండడు. కాని దుమ్ములగొండి కథ శాసనంతో పోలేదు.

ఇథియోపియా నగలలో ఘనమైనవి కొన్ని ఆ దేశంలో లేవు. 1868లో బ్రిటిషు సైన్యం చక్రవర్తి తెవోద్రోస్‌పై దండెత్తినది. అతడు బంధించిన బ్రిటిషు రాయబారిని, ఇతరులను విడిపించడం దండయాత్రకు చెప్పిన కారణం. సేనాని రాబర్ట్ నేపియర్. సైన్యంలో అధికభాగం భారతీయ సిపాయిలు. బరువులు మోసిన ఏనుగులు కూడా భారతదేశపువే. దారిలోని పల్లెలలో గ్రాసానికి, గుర్రపుదాణాకు ఇవ్వడానికి వియన్నాలో లక్షలకొలది తాలరులు ప్రత్యేకంగా ముద్రింపించి వెంట తెచ్చుకొన్నారు. వేరే నాణెం ఆ కొండలలో చెల్లదు. ఏప్రిల్ 13న మగ్దాలా కోట పడినది. తెవోద్రోస్ తుపాకితో కాల్చుకొని మరణించినాడు. కోటలోని ధనాన్ని దోచి పదునైదు ఏనుగులపై, రెండువందలకు చేరువైన కంచరగాడిదలపై ఎక్కించి దలాంతా మైదానంలో రెండురోజులు వేలంవేసినారు. అందులోని ఒక బంగారు కిరీటం లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియంలో ఉన్నది. 18వ శతాబ్దిలో మెంతెవాబ్ మహారాణి, ఆమె కుమారుడు ఇయాసు గోండార్ సమీపంలోని తమ చర్చికి దానిని సమర్పించినారని తలుస్తారు. ఇచ్చినవారి పేర్లు తెలుసు, తెచ్చినవారి పేర్లు తెలుసు. చేసినవాని పేరు తెలియదు. ఊరేగింపు సిలువలపై చెక్కిన గీజ్ అక్షరాలూ సాధారణంగా దాత పేరే చెబుతాయి. దాత పేరును తప్పులేకుండా చెక్కిన చేయి తన పేరు చెక్కుకొనే సాహసం చేయలేదు.

దొంగతనం పూర్వకాలంతోనే ముగియలేదు. లాలిబెలాలోని ఏడు కిలోగ్రాముల బంగారుసిలువ 1997లో మాయమై, బెల్జియంలో పట్టుబడి, 2001లో తిరిగి వచ్చినది.

మనుష్యులు మాత్రం తిరిగి రాలేదు. 1984, 1985 సంవత్సరాలలో సూడాను మీదుగాను, 1991 మే మాసంలో నేరుగా అద్దిస్ అబబా నుండి విమానాలలోను బేత ఇస్రాయేలువారు ఇశ్రాయేలు దేశానికి తరలిపోయినారు. రెండవసారి ముప్పది ఆరు గంటలలో పదునాలుగు వేల పైచిలుకు మనుష్యులను చేరవేసినారు. గోండార్ పొలిమేరలోని వోలెకా అనే పల్లెలో ఒకనాడు వారి కొలిమి, వారి కుండలసారె ఉండేవి. వారు పోయిన తరువాత యాత్రికులు అడుగుతున్నారని పొరుగువారు మట్టిబొమ్మలు చేసి దారిప్రక్కన అమ్మినారు. ఆ బొమ్మలపై దావీదు నక్షత్రం ఉంటుంది. ఏ చేతులను చూచి జడిసినారో ఆ చేతుల పేరు చెబితేనే సరుకు పోతున్నది.

మెడసిలువలు నేటికీ తయారవుతున్నాయి. అయితే తాలరు అరుదైపోయినది. తాతమ్మల కడియాలు కరిగించి మనుమరాండ్రకు సిలువలు చేయించేవారు కొందరు. వెండి పేరుతో తెల్లలోహాలు కలిపి యాత్రికులకు అంటగట్టే వర్తకులు కొందరు. పాత సరుకు తెలిసినవారు సిలువను ముందు అరచేతిలో తూచి, తరువాత వెలుతురుకు త్రిప్పి, రాణి ముసుగు ఎక్కడైనా మిగిలియున్నదేమోనని చూస్తారు.

అంహారిక్ భాషలో వెండిని ‘బిర్’ అంటారు. తాలరును ప్రజలు ఆ పేరుతోనే పిలిచినారు. 1945లో ప్రభుత్వం కొత్త ద్రవ్యాన్ని ప్రవేశపెట్టి క్రమంగా రాణిబొమ్మను అంగడినుండి తొలగించినది. పేరును మాత్రం తొలగించలేకపోయినది. నేడు అద్దిస్ అబబాలో కంసాలికి మజూరీగా ఇచ్చే కాగితం నోటుమీద కూడా ‘బిర్’ అనే వ్రాసి ఉన్నది.